సమ్మె నాడు వినొచ్చిన బ్లాస్టింగు

మా గల్లీల ఇప్పటికీ ఎవరింట్ల గిన్నె కింద పడ్డా ముందుగాల నా దిక్కే చూస్తరు. తప్పు వాళ్లది కాదు. ఓ పగటీలి నేను చేసిన పనికి క్వార్టర్ల జనమంత జెండలు పట్టుకొని ఓపెన్‌కాస్టు గేటు కాడికి పోయిండ్రు. మేనేజరు సారు తింటున్న అన్నం ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు. నేనైతే నా మీద నేనే డౌన్ డౌన్ అని గొంతు పోయేదాక అరిసిన. ఎట్లయిందో చెప్త. నవ్వుకుంటే నవ్వుకోండ్రి గని మా ఆమె ముందట జర చూసుకొని నవ్వుండ్రి.

నా పేరు ఓదెలు. గోదావరిఖనిల బాయి పని నాది. బాయి అంటే బొగ్గు బాయి, నీళ్లు చేదుకునేది కాదు. డ్యూటీ దిగినంక పవర్‌లిఫ్టింగు. పోటీలకు నేను వస్తున్ననంటే మందమర్రోళ్లు, గోలేటోళ్లు రెండో నంబరు కోసమే కొట్లాడుకునేటోళ్లు. ఇది నేను చెప్పే ముచ్చట. వాళ్లనడిగితే వేరే చెప్తరు.

గసుంటి నాకు నరాల జబ్బొచ్చింది. పొద్దున కాళ్లు తిమ్మిరెక్కినై, సందెకల్ల లేవరాలె, తెల్లారేసరికి చేతులు గూడ పోయినై. దవాఖానల గొంతుల పైపేసి మిషను తోని ఊపిరాడిచ్చిండ్రు. అంత ఇనుము ఎత్తినోన్ని, చెంచ ఎత్తలేకపోయిన. మా ఆమె సుగుణ అన్నం కలిపి నోట్లె పెట్టేది. ఇంటికొచ్చినంక గూడ మంచం మీదికెల్లి కుర్చీలకు, కుర్చీలకెల్లి మంచం మీదికి ఆమెనే ఎత్తి కూసోవెట్టేది. నాకు ఏడుపొచ్చేది. తుడుసుకుందామంటే చెయ్యి లేవకపోయేది. అవి గూడ ఆమెనే తుడిసేది.

మెల్లగ తేరుకున్న. నడక వచ్చింది. ల్యాంపు రూముల సందె షిఫ్టు లైట్ డ్యూటీ ఇచ్చిండ్రు, బాయిల దిగేటోళ్లకు టోపీ లైట్లు అందిచ్చుడు. నేను రాడు పట్టుడు నేర్పిన పోరగాళ్లే వచ్చి, "అన్నా, నువ్వు లేవకు, బరువుంటది, నేను తీసుకుంట" అనేటోళ్లు. లైటు బరువట. జబ్బు నన్ను అంత కుంగదియ్యలె, ఆ మాట కుంగదీసింది. మళ్ల ఒక్కసారన్న పోటీల రాడు ముందట నిలవడాలె, లేకపోతే బతికొచ్చి ఏం ఫాయిద అనుకున్న.

డాక్టరేమో, "నేను చెప్పేదాక బరువులు ముట్టొద్దు" అన్నడు. సుగుణ నా చెయ్యి పట్టుకొని తన నెత్తి మీద పెట్టుకున్నది.

"ఒట్టెయ్యి."

ఏసిన.

"ఆ ఇనుమంత పాత సామాన్లోనికి అమ్మెయ్యి."

"అమ్మిన" అన్న రెండ్రోజులకు. అమ్మలె. మా క్వార్టర్లల్ల ఎనుక దిక్కు బొగ్గుల అర్ర ఉంటది. ఎనుకట పొయ్యిలకు బొగ్గు పోసుకునేటోళ్లు. గ్యాసు వచ్చినంక దాంట్లెకు ఎవరు తొంగి చూడరు. రాడు, ప్లేట్లు అండ్ల పెట్టి మీద గోనె సంచులు కప్పిన. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన.

ఇనుముల ఒక గుణం ఉన్నది. ఎత్తుడు ఎవరికి తెల్వది, దించుడే తెలుస్తది. నా వేళ్లల్ల పట్టు ఇంక సక్కగ రాలె. ఎత్తేదాక ఎత్తుదును, దించేకాడ జారి దబ్బున పడేది. సుగుణ చెవులు పాము చెవులు. ఏం చెయ్యాలె అని ఆలోచన చేస్తే దారి మా గల్లీ పక్కన మీదికెల్లి తవ్వి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టే చూపెట్టింది. రోజు పగటీలి అన్నాలు తిన్నంక సైరను కొడ్తరు, జరసేపటికి బ్లాస్టింగు చేస్తరు. ఇల్లంత అదురుతది, అల్మార్ల గిన్నెలు గలగలమంటయి. మా గల్లీ కుక్కలు దానికి చెవులు గూడ లేపయి. ఆ చప్పుడుల నా చప్పుడు కలిపేస్తే ఎవరికి తెలుస్తది?

సైరను వినవడంగనే అర్రల దూరేటోన్ని. రాడు ఎత్తి పట్టుకొని నిలవడేటోన్ని. అక్కడ దన్‌మంటే ఇక్కడ ఇడిసేటోన్ని. ఒక్కోనాడు వాళ్లు ఆలిశం చేసేది. నేను పండ్లు గిటకరుసుకొని, జల్ది పేల్చుండ్రి నాయనా అని మొక్కుకుంట గట్లనే నిలవడేది. నా వేళ్లకు పట్టు గిట్లనే వచ్చింది. ఆ పుణ్యం ఓపెన్‌కాస్టోళ్లదే.

మాకు గోడకు గోడ రాయమల్లు కాక ఇల్లు. ఓనాడు వాకిట్ల ఆపిండు.

"ఏందిరా ఓదెలూ, ఈమధ్య బ్లాస్టింగు మస్తు పెంచిండ్రు. మా గోడ పగులిచ్చింది."

"అవు కాకా. మందు ఎక్కువ పెడ్తున్నట్టున్నరు."

"మరి మీ దిక్కు పగల్లేదా?"

"మా దిక్కు తక్కువనే."

"గోడ ఒక్కటే గదరా."

"గోడకు రెండు దిక్కులుంటయి గద కాకా."

కాక ఆఫీసుకు పోయి మొరవెట్టుకున్నడు. వాళ్లొచ్చి అదురు కొలిచే మిషను రోడ్డు మీద పెట్టి చూసి, అంత సక్కగనే ఉన్నదన్నరు. "మిషను గూడ మేనేజిమెంటు దిక్కే" అన్నడు కాక. అప్పటిసంది ఆయన గోడను చూసుకుంట కూసునేది.

గంతల సమ్మె వచ్చింది. బాయిలన్ని బంద్. సైరను లేదు, బ్లాస్టింగు లేదు. సుగుణ మందమర్రిల వాళ్లక్క ఇంటికి పోయింది, సందెకు వస్తనన్నది. ఇంట్ల నేనొక్కన్నే. ఆమె లేకపోతే చాటెందుకు, సైరనెందుకు అనుకున్న. ఉన్న ఇనుమంత రాడుకు ఎక్కిచ్చిన. వంగి పట్టిన. మోకాళ్లు దాటింది. నడుము లేచింది. నిటారుగ నిలవడ్డ. జబ్బు తర్వాత అంత బరువు ఎత్తుడు అదే మొదలు. కండ్లల్ల నీళ్లొచ్చినై. ఆ మురిపెంల చేతులిడిసిన.

సుగుణ ఒక్కదానికే కాదు, గల్లీ మొత్తానికి చాటు చేస్తున్ననని అది నేల మీద పడ్డంక యాదికొచ్చింది. మామూలు రోజైతే సగం గల్లీ డ్యూటీల ఉంటది. ఆనాడు సమ్మె పుణ్యాన అందరు ఇంట్లనే ఉన్నరు.

గోడవతల గిన్నెలు రాలినై. రాయమల్లు కాక బనీను మీదనే రోడ్డెక్కిండు.

"విన్నరా? సమ్మె నాడు బ్లాస్టింగు."

మూల మీది ఇంట్లకెల్లి యూనియన్ లీడరు సాంబన్న వచ్చిండు. "కాంట్రాక్టోళ్లను పెట్టి పని చేపిస్తున్నరు. నడువుండ్రి గేటు కాడికి."

నేను బయటికొచ్చి, "ఉరుము గావచ్చు" అన్న.

"మబ్బేది?" అన్నడు కాక.

"లారీ టైరు పేలిందేమో."

"ఏ టైరుకు గోడ అదురుతదిరా?"

సాంబన్న నా చేతుల జెండ పెట్టిండు. "ఓదెలన్నా, నువ్వు ముందట నడువు. దవాఖానలకెల్లి లేచొచ్చినోడు జెండ పడితే వాళ్లకు సిగ్గొస్తది." అర్ర తలుపు తెరిచే ఉన్నది, రాడు నడిమిట్ల పడే ఉన్నది. దొంగకు తేలు కుట్టినట్టు అంటరు. ఆ దొంగ నయం, మూలకు కూసొని ఓర్సుకుంటడు. నన్ను కుట్టిన తేలు మీద నేనే జులూసు తీయాలె.

"బ్లాస్టింగు చేసినోడు," అని సాంబన్న అంటే, "డౌన్ డౌన్" అని మేము. నా గొంతే అందరి కన్న గట్టిగ లేచిందని తర్వాత చెప్పిండ్రు.

మేనేజరు సారు చెయ్యి కడుక్కోకుండనే వచ్చిండు. "లోపల ఎవరూ లేరు. కావాలంటే వచ్చి చూసుకోండి" అన్నడు. పోయి చూసినం. ఓపెన్‌కాస్టు గుంత అడుగున నిలిచిన నీళ్లల్ల రెండు కొంగలున్నయి. అవి గూడ సమ్మెలనే ఉన్నట్టు మెదలకుంట నిలవడ్డయి.

"మరి మా గోడెందుకు అదిరింది?" అన్నడు కాక. "వచ్చి చూడుండ్రి సారు."

సారు వచ్చిండు. ఎనుక జులూసంత వచ్చింది. కాక పగులు మీద వేలు పెట్టి కింది నుంచి మీది దాక చూపెట్టిండు.

"దీని అవతల ఏముంది?" అన్నడు సారు.

"ఓదెలోళ్ల బొగ్గుల అర్ర. ఉత్తదే."

అందరు చుట్టు తిరిగి మా ఎనుకదిక్కు వచ్చిండ్రు. మందమర్రిల అక్క ఇంటికి తాళం ఉంటే సుగుణ ఎంబడే మళ్లొచ్చిందట. అర్రల, పలిగిన గచ్చు మీద, రాడు ముందట నిలవడున్నది.

సాంబన్న నా చేతులకెల్లి జెండ మెల్లగ తీసుకున్నడు.

"అంటే సమ్మె నాడు పని చేసింది నువ్వొక్కనివేనా ఓదెలన్నా?"

సుగుణ నన్నే చూస్తున్నది. "నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవ్."

"ఏసిన."

"నీకు మళ్ల తిరగవెడితే ఎట్ల? మళ్ల ఆ మిషను కాడ నేను కూసోవాల్నా?"

అబద్ధం ఒక్కటి గూడ మిగలలె నా కాడ. "భయమైందే" అన్న, అంతమంది ముందట. "ఇంక నాతోని కాదేమోనని భయమైంది."

ఆమె రాడు దిక్కు తిరిగింది. "జరుగు" అన్నది. కొంగు నడుముకు చెక్కింది. నన్ను లేపేతందుకు దవాఖానల నర్సమ్మ నేర్పిన తీరుగనే మోకాళ్లు వంచి, నడుము నిటారుగ పెట్టి, రాడు పట్టి లేచింది. మేనేజరు సారు ఎనుకకు జరిగిండు. ఆమె రాడు పట్టుకొని పలిగిన గచ్చు దాటి, పసిపిల్లను పండవెట్టినట్టు మెల్లగ దించింది. చప్పుడే కాలె.

రాయమల్లు కాక ఆ రాడును చూసిండు, నన్ను చూసిండు.

"గట్ల గూడ దించొచ్చునారా?"

"అక్కా, గంత బరువు ఎట్ల లేపినవ్?" అన్నడు సాంబన్న.

"ఈయనను పొద్దుమాపు లేపిన గదన్నా. ఇదేం బరువు? ఇది కనీసం మూలుగుత లేదు."

తెల్లారి ఆమెనే నన్ను డాక్టరు కాడికి గుంజుకపోయింది. ఆయన తిట్టిండు, పరీక్షలు చేసిండు, నా చెయ్యి పిసికి చూసి, "ఈ పట్టు ఎట్లొచ్చింది?" అన్నడు. సైరను సంగతి చెప్పలె. పక్కన మనిషుంటే తక్కువ బరువుతోని మొదలువెట్టు అన్నడు. ఆ పక్కన మనిషి సుగుణే. నేను ఎత్తేది, నేను ఎట్ల ఎత్తుతలేనో ఆమె ఎత్తి చూపెట్టేది.

మంచిర్యాల పోటీలల్ల మా గల్లోళ్లే మా ఇద్దరి పేర్లు రాయిచ్చిండ్రు. ఒకప్పుడు ఒళ్లు వేడిచేసుకునేతందుకు ఎత్తిన బరువు ఎత్తి నేను ఆఖరు నంబరు వచ్చిన. ఆడోళ్లల్ల సుగుణకు మొదటిదొచ్చింది. రాడు ముందట నిలవడ్డ గద, నాకు ఏడుపాగలె. ఆమె దిక్కు మొఖం పెట్టిన.

"తుడుసుకో" అన్నది. "చేతులున్నయి గద."

గా గోడ పగులుకు నేనే సిమెంటు పూసిన. దాని మీదనే చెయ్యి పెట్టి ఒట్టేస్తున్న, ఎందుకంటే సుగుణ తన నెత్తి మీద ఇంక నా చెయ్యి పెట్టనిస్త లేదు. సమ్మె నాడు ఇనుము ముట్ట. మిగతా రోజులల్ల ఎంత ఎత్తినా చప్పుడు కాకుండ దించుత. గిది రాయమల్లు కాక సాక్షిగ ఏసిన ఒట్టు.

ఏసేటప్పుడు గోడకెల్లి జరంత సిమెంటు రాలింది. దాన్ని లెక్కల పట్టకుండ్రి.