తాతకు మోగని డప్పు

మొన్న నెల్లికుదురుల మా ఊరి పటేల్ల ఇంటి పెండ్లికి నాయినను తీస్కొని పోయిన. ఫంక్షన్ హాలు ముంగట రంగు చొక్కాల పిలగాండ్లు డప్పులు దంచుతున్నరు. చెవులు పగిలేటట్టు మోత ఉన్నది గని, వాసన లేదు. దగ్గరికి పోయి చూస్తే అన్నీ ప్లాస్టిక్ డప్పులు.

మా తాత డప్పుకు వాసన ఉండేది. మాదిగవాడల మా ఇంటి ముంగట ఎండుగడ్డి ముట్టిచ్చి, సెగకు తోలును తిప్పుకుంట తిప్పుకుంట ఆయన కాపుతుంటే, గడ్డిపొగ, మేకతోలు కమురు, ఆయన చుట్ట అన్నీ కల్సిన ఆ వాసనకు మేం కచ్చకాయలాట యిడిసి ఉరికొచ్చి మంట సుట్టు కూసునేది. బతుకమ్మకు, బోనాలకు, పీరీల పండుగకు ఆయన లేంది ఊరు కదిలేది కాదు. పీరీల నాడైతే రుమాల్ల మలీద ముద్దలు మూటగట్టుకొని వచ్చి మా నోట్లె పెట్టేటోడు.

సావుకు గూడ అదే డప్పు. అది మాత్రం వెట్టి. పటేల్ల ముసలమ్మ సచ్చిన నాడు తాతకు ఒళ్ళు కాలిపోయే జరం. అవ్వ దండం పెట్టి బతిలాడినా పటేలు మనుషులు ఇనలే, మంచం మీదికెల్లి లేపి తోలుకపోయిండ్రు. ఎండల పొద్దంత కొట్టి కొట్టి, పాడె ముందు నడుసుకుంట కండ్లు తిరిగి పడ్డడు. పెద్ద పటేలు లేపలే. "మోత ఆగిందేందిరా" అన్నడు.

పక్కనే ఉన్న మా నాయిన అది ఇన్నడు. వాడంతటిని కూసోబెట్టి కట్టుబాటు చేసిండు. ఇగ ఎవ్వల సావుకూ డప్పు కొట్టుడు లేదు. పటేల్లు కూలికి పిలుసుడు బంద్ చేసిండ్రు. గంజి తాగి పండుకున్నం గని నాయిన వంగలే. నాకు ఆయనంటే ఎంత గర్వమో! తాత మాత్రం దూలానికి వేలాడే డప్పు దిక్కు చూసుకుంట కూసునేటోడు.

తర్వాత సలికాలంల తాత మంచాన పడ్డడు. నాయిన చెయ్యి పట్టుకొని అడిగిండు.

"ఎంతమందిని సాగనంపిన కొడుకా. నాకు జర డప్పు కొట్టున్రి."

"ఇయ్యాల నీకు కొడితే, మీ అయ్యకు కొట్టినోళ్ళు మాకెందుకు కొట్టరని రేపు పటేల్లు వస్తరు. కొట్ట, బాపు."

తాత గోడ దిక్కు మల్లిండు.

ఆయనను చప్పుడు లేకుంట తీస్కపోయినం. దారి పొడుగూత కాళ్ళ చప్పుడే ఇనవడ్డది. బొంద కాడ అవ్వ ఏడుపు ఆపి, పటేలుకు నీకు ఫరక్ ఏందిరా అని నాయినను అడిగింది. నాయిన వంగి బొందల మన్ను పోసిండు.

మొన్న పెండ్లిల ఆ పెద్ద పటేలు మనుమడు నవ్వుకుంట ఒక డప్పు తెచ్చి నాయిన ఒళ్ళె పెట్టి, జర ఇనిపియ్యమన్నడు. నాయిన దాని మీద చెయ్యి పెట్టిండు, తీసిండు. కింద పెట్టి లేచిండు. ఆ రంగు చొక్కాలోళ్ళు మా వాడ పిలగాండ్లే. కట్టుబాటు చేసినోళ్ళ మనుమలు. పిలిస్తే సావులకు గూడ పోతున్నరట. దూలానికి ఏలాడిన తాత డప్పును ఎన్నడో ఎలుకలు కొరికినయి. గడ్డిమంట ఏసెటోడు వాడల ఒక్కడు లేడు.

బువ్వ తినకుంటనే బయటికొచ్చినం. బస్టాండుల కూసున్నంక నాయిన అన్నడు.

"నేను పోయినంక నాకు గూడ కొట్టియ్యకు బిడ్డా."

అట్లనకు, కొట్టిస్త అంటనేమోనని నా మొకం దిక్కే చూసిండు.

"కొట్టియ్య, నాయినా" అన్న.