సదస్సుకెళ్లిన పుంగనూరు ఫ్లెక్సీ

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఏదీ లేదు. అంటే, ఎవరైనా "నీకిది వచ్చా?" అని అడిగేలోపే "వచ్చు" అనేసేదాన్ని (తర్వాతి సంగతి తర్వాత). ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. హెచ్‌ఐవీకి టీకా కనిపెట్టే ప్రయత్నాలు ఎక్కడో పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో జరుగుతుంటే, కుప్పంలో ఇరుకు ఆఫీసులో కూర్చున్న మా బృందం పని వేరు. రేపు ఆ టీకాను మనుషుల మీద పరీక్షించే రోజు వస్తే మన పల్లెల జనం ముందుకొస్తారా, రాకపోతే ఎందుకు రారు అన్నది తెలుసుకోవాలి. తిరిగిన చోటల్లా ఒకటే కనిపించింది. సూదికి ఎవరూ భయపడటం లేదు, ఆ జబ్బు పేరు పక్కన తాము కనబడతామేమోనని భయం. మేమిచ్చిన కరపత్రాన్ని కూడా అక్షరాలు లోపలికి పోయేలా మడిచి పట్టుకునేవాళ్లు.

ఇంతలో బెంగళూరులో జరిగే అంతర్జాతీయ సదస్సుకు మా పరిశోధన పోస్టర్ ఎంపికైంది. "అక్కడ ఏదో ఒక పెద్ద బృందం మనల్ని కలుపుకుంటేనే ఈ ఆఫీసు నిలబడుతుంది, లేకుంటే తాళమే" అన్నారు మా మేడమ్. అచ్చు వేయించే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. మదనపల్లెలో మా ఇంట్లో కూర్చుని గ్రాఫులన్నీ సర్ది, అద్దం ముందు ఇంగ్లీషు దంచి, ఫైలును పుంగనూరులోని మా మామకు పంపాను. ఆయన్ని అందరూ ఫ్లెక్సీ మామ అంటారు. ఆ ఊళ్లో ఎవరి పెళ్లయినా, ఎవరి బిడ్డ పుట్టినరోజయినా, కట్టిన ఫ్లెక్సీలో కింద ఓ మూల నల్లకళ్లద్దాలతో, చేతులు జోడించి ఆయన ఉండాల్సిందే. ఫ్లెక్సీ షాపాయన ఆయనకు ప్రాణస్నేహితుడు. "నువ్వేం దిగులు పడాకు పాపా, నేను దగ్గరుండి ఏపిస్తా" అన్నాడు. (అది విన్నాక కూడా నేను దిగులు పడలేదు, చూడండి!)

ప్రయాణం రోజు కుప్పం బస్సులో పోతూ, పుంగనూరు బస్టాండులో కిటికీలోంచే పోస్టర్ చుట్ట అందుకున్నాను. విప్పి చూసింది మాత్రం కుప్పం రైల్వే ప్లాట్‌ఫారం మీద, మేడమ్ ఎదురుగా. గ్రాఫులు ఉన్నాయి, రాతలు ఉన్నాయి, ఒక్క అక్షరం చెదరలేదు. అయితే పైన గులాబీ రేకుల మధ్య కాలేజీ నాటి నా ఫొటో. పక్కన "అంతర్జాతీయ సదస్సుకు బయలుదేరిన మా ఆడబిడ్డకు హార్దిక శుభాకాంక్షలు." వైరస్ బొమ్మ ఖాళీగా ఉండటం బాగుండదనుకున్నారేమో, దాని చుట్టూ బంతిపూల దండ. కింద గుండ్రటి బిళ్లల్లో మా మామ, మా అత్త, ఆఖరికి షాపాయన కూడా. రైలు దిగి తిన్నగా హాలుకే పోవాలి, కొత్తది వేయించే సమయమూ లేదు.

మామకు ఫోన్ చేశాను. "ఏంది మామా ఇది?"

"బాగుండాది కదా పాపా! ఊరికే రాతలుంటే ఎవురు సూస్తారు?"

"పైన ఇంత లావు అక్షరాలతో హెచ్‌ఐవీ అని ఉండాది. దాని కింద నీ బొమ్మ! చూసినోళ్లు ఏమనుకుంటారు?"

"తెలీకేం? షాపోడూ అదే అడిగినాడు, 'యాలప్పా నీకు, ఆ పేరు కింద?' అని. మా పాప దినామూ ఆ పేరు పెట్టుకునే ఊరూరా తిరగతాంటే నాకేం సిగ్గురా అన్నా. దాంతో వాడు వాని బొమ్మా తగిలించుకున్యాడు."

అంత ధీమా గల నాకు ఆ ప్లాట్‌ఫారం మీద ఏడుపొచ్చింది.

హాల్లో పోస్టర్ తగిలించగానే ఒక విదేశీ పెద్దావిడ ఆగి, కింద ఉన్న బిళ్లలు చూపించి, "వీళ్లంతా మీ పరిశోధకులా?" అని అడిగింది. మేడమ్ కళ్లు మూసుకున్నారు. నేను అద్దం ముందు నేర్చుకున్న ఇంగ్లీషంతా మరిచిపోయి, వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను: మా వైపు ఒక పనికి అండగా ఉంటామని చెప్పాలంటే దాని కింద తమ ఫొటో వేసుకుంటారు. ఈ జబ్బు పేరు దగ్గర కనబడటానికే జనం జంకుతారని మా పరిశోధన చెబుతోంది. వీళ్లు జంకలేదు. (ఇదంతా ముందే ఆలోచించి వేయించినట్టు మొహం పెట్టానని వేరే చెప్పాలా!) ఆవిడ చాలాసేపు నిలబడి, తన వాళ్లను కూడా పిలుచుకొచ్చింది. చివరికి మా ఆఫీసు ఆవిడ బృందంలోనే కలిసింది.

ఇప్పుడు నేను సదస్సుల్లో చాలా జాగ్రత్తగా మాట్లాడతాను. జనంలో ఆ జంకు పోతుందా అని అడిగితే, "ఇంకా లోతుగా పరిశీలించాల్సి ఉంది" అని తెలివిగా తప్పుకుంటాను. ఆ రోజు ఆ హాల్లో అదే ప్రశ్న అడిగితే నాలోని అప్పటి పిల్ల మాత్రం తడుముకోకుండా, "పోతుంది, మా పుంగనూరులో అప్పుడే ముగ్గురికి పోయింది" అంది. నాకంటే అదే నయం.