ముడి జారని గుడ్డ నేసిన కోటిరత్నం

1999 ఫిబ్రవరిలో, వినుకొండ దగ్గర ఒక మిరప చేలో, రాఘవమ్మ అనే కూలి మనిషి తొమ్మిది నెలల కూతుర్ని వీపున కట్టుకుని పొద్దున్నుంచి పొద్దువాలే దాకా కాయ కోసింది. ముడి అంగుళం కూడా జారలేదు. ఆ గుడ్డ నేసింది మా కోడలు కోటిరత్నం. ఆమె సాధించినవాటిలో అదే మొదటిది, అన్నిటికన్నా కష్టపడి సాధించినదీ అదే.

మాది చీరాల. మూడు తరాలుగా చీరలు నేస్తున్నాం. నేను ఐదో తరగతి దాకానే చదివాను గానీ, నా నేతకు వంక పెట్టినవాడు లేడు. కోటిరత్నం నాకు తీసిపోదు. పైగా కాయ కోతల కాలంలో చీరల మూట నెత్తిన పెట్టుకుని పల్నాడు ఊళ్ళు తిరిగి అమ్ముకొచ్చేది.

అలా వెళ్ళినప్పుడే రాఘవమ్మను చూసింది. గట్టు మీద తుమ్మకొమ్మకు కట్టిన ఉయ్యాలలో పాపకు చీమలు పట్టాయి. తల్లి పరుగెత్తుకొచ్చి కూడా చేతులారా ఎత్తుకోలేకపోయింది. చేతుల నిండా మిరప ఘాటు. మోచేతులతో పాపను పొదువుకుని ఏడుస్తుంటే కూలీల మేస్త్రి అరిచాడట: "పిల్లదాన్ని చూసుకుంటావా, కాయ కోస్తావా? ఏదో ఒకటి తేల్చుకో!"

కోటిరత్నం అక్కడికక్కడే మాట ఇచ్చింది. "వారం ఆగు రాఘవమ్మా. పాపను వీపున మోసే గుడ్డ నేసుకొస్తా."

ఇంటికొచ్చి చెబితే ముందు నవ్వింది నేనే. "మన మగ్గం మీద జోలె నేస్తావా అమ్మాయ్? అడుక్కునేవాళ్ళకా?"

"కాయ కోసేవాళ్ళకి మామయ్యా" అంది, పడుగు సర్దుకుంటూ.

ఐదు రోజుల్లో ఐదు గజాల గుడ్డ దిగింది. గంజి పెట్టని గుడ్డ మా గడప దాటడం నాకు నామోషీ. ఆమె వంటింట్లో ఉండగా నేనే చిక్కటి గంజి పట్టించి, ఆరేసి, ఫెళఫెళలాడేట్టు మడతపెట్టాను. అదే కొంప ముంచింది. పాపను కట్టుకుని రాఘవమ్మ మొదటి చెట్టుకు వంగిందో లేదో, ఆ బిరుసుకు ముడి నిలవక జారిపోయింది. వెనకాలే నిలబడ్డ కోటిరత్నం రెండు చేతులా పట్టుకోబట్టి పాప దక్కింది.

"నీ గుడ్డ కట్టుకుని పెళ్ళికి పోవచ్చు తల్లీ, పిల్లతో చేలోకి రాలేం" అందట రాఘవమ్మ.

మేస్త్రిని బతిమాలి ఇంకో వారం గడువు అడిగి వచ్చింది మా కోడలు. నన్ను తిట్టలేదు. "ఈసారి దీని జోలికి రాకండి మామయ్యా" అని మాత్రం అంది. లావు నూలుతో మళ్ళీ నేసింది. నేసేముందు పడుగు దారాలకు పట్టించిన గంజి కూడా వదిలేదాకా మూడుసార్లు ఉడకబెట్టి బండకేసి బాదింది. ముడి వేసే కొసలు ఎర్రగా నేసింది. మిరప చేత్తో తల్లి అక్కడే పట్టుకోవాలి, పాప నోటికి అందే తెల్లటి భాగం ముట్టకూడదు. ఆపైన పది కిలోల బియ్యం సంచి వీపున కట్టుకుని ఇల్లంతా వంగి ఊడ్చింది.

పక్కింటి రసూల్‌బీ చూసి, "ఏందే కోటిరత్నం, బియ్యాన్ని జోకొడుతున్నావా?" అంది.

"ఏడవని బిడ్డ అక్కా, నువ్వూ ఒకసారి ఎత్తుకో!"

మొదట చెప్పానే, ముడి అంగుళం కూడా జారని ఆ రోజు, అప్పుడు కట్టింది ఈ గుడ్డే. రాఘవమ్మ పని నిలబెట్టిందీ ఇదే. ఆ సాయంత్రం మేస్త్రే వచ్చి, "మా ఆవిడక్కూడా ఒకటి కావాలమ్మా" అన్నాడట.

ఆ ఏడే ఆ ఊళ్ళో పదకొండు మంది తల్లులు కట్టుకున్నారు. 2001లో మా చేనేత సంఘం వాళ్ళు ఆమెకు శాలువా కప్పారు. 2003 నాటికి మా వీధిలో నాలుగు మగ్గాలు ఈ గుడ్డే నేస్తున్నాయి. ఇంతవరకు ఒక్క బిడ్డా జారలేదు. జారనివ్వదు కూడా. గుడ్డ చేతికిచ్చి వచ్చేసే రకం కాదు. ప్రతి తల్లికీ తనే కట్టి, ఒక సాలంతా వంగి కోయించి, ముడి చూసిగానీ కదలదు.

ఇప్పుడు కనిగిరి వైపు ముప్ఫై మంది తల్లులు కబురు పెడితే ఈ నెల పదో తారీఖున బస్సెక్కింది. "రోజుకు ముగ్గురికి మించి చూడలేను మామయ్యా, తొందరగా రమ్మని కబురు చెయ్యకండి" అని మరీ చెప్పి వెళ్ళింది. చెయ్యలేదు. ముప్ఫయ్యో తల్లి ముడి కూడా చూసుకుని ఆమె ఇల్లు చేరేది 2004 ఫిబ్రవరి 21, శనివారం.