దర్జీ సాయిబు కొలిచిన బాక్సింగు

అరవైల్లో అనకాపల్లి బెల్లం బజారులో బాక్సింగు తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన దర్జీ సాయిబు. యుద్ధకాలంలో సైన్యంలో బట్టలు కుట్టడానికి వెళ్లి, అక్కడి పోటీల్లో రెండుసార్లు చేతులకు గ్లవుజులు తొడుక్కున్నాడు. రెండుసార్లూ ఓడిపోయాడు. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు.

"ఓడినోడికే ఆట బాగా తెలుత్తాది బావా. గెలిసినోడికి సూడ్డానికి టైమేదీ?"

మిగతావాళ్లం ఓడిపోయేంత దూరం కూడా వెళ్లినవాళ్లం కాదు కనుక ఆయన మాటకు తిరుగులేదు.

నేనప్పుడు ఒక దినపత్రికకు విలేకరిని. బెల్లం ధరలు, బస్సు బోల్తాలు, నీళ్లు రాని కుళాయిలు, ఇవీ నా వార్తలు. మద్రాసు నుంచి రైలు మీద వచ్చే ఇంగ్లీషు పేపరును సాయిబు కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చదివి, తెలుగులో చెప్పేవాణ్ని. ఎదుటి మండీ షావుకారు రోజూ వచ్చి వినేవాడు. బెల్లం దిమ్మలా గుండ్రంగా ఉండే ఆయన జన్మలో దోమను తప్ప దేన్నీ కొట్టి ఎరగడు.

ఒక ఏడు ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ పోటీ ముందు ఆ పేపర్లో ఫొటో పడింది. ఛాంపియన్ బీరువాలా ఉన్నాడు. ఎదుటి కుర్రాడు చేతులు రెండూ నడుము దగ్గర వేలాడేసుకుని నిలబడ్డాడు. సాయిబు కళ్లజోడు పైకి తోసుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇదేటి బావా! మొకం వొదిలేసి బొడ్డు కాసుకుంటన్నాడు. రెండో రౌండుకి పడిపోతాడు. పడకపోతే మరి బాక్సింగు గురించి నోరిప్పను, ఈ కత్తెర మీద ఒట్టు. ఇప్పితే కత్తెర నాది కాదు."

"మరెవుడిదవుద్ది?" అన్నాడు షావుకారు.

"నీదే. అట్టుకెల్లిపో."

అది సైన్యం నుంచి తెచ్చుకున్న కత్తెర. ఇంట్లోవాళ్లు కూడా దాన్ని ముట్టుకోకూడదు. అది లేకపోతే సాయిబు కొట్టు తెరవడని బజారులో అందరికీ తెలుసు.

ఫలితం వచ్చిన రోజు నేనే చదివాను. ఆరు రౌండ్లయ్యాక ఛాంపియన్ తన మూల స్టూలు మీద కూర్చుని ఇక లేవలేదు. కుర్రాడు గెలిచాడు. సాయిబు రెండు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని మిషను తొక్కడం మొదలెట్టాడు.

మూడు వారాలు ఆ సూదులు బయటికి రాలేదు.

షావుకారు ఊరుకుంటాడా? తన సిద్ధాంతం ఒకటి తయారుచేసుకొచ్చాడు. మా బజారులో కొందరు పెద్ద వ్యాపారులు బేరం నోటితో చెప్పేవారు కాదు. ఇద్దరూ చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవారు. పక్కవాడికి ఏ వేలు ఎప్పుడు కదిలిందో తెలిసేది కాదు.

"ఆ కుర్రోడూ అంతే," అన్నాడు షావుకారు. "సెయ్యి కిందుంటే ఎటునుంచి వత్తాదో పెద్దోడికి కనబడదు. తువ్వాలు కింద బేరం అది. ఏం సాయిబు బావా, కాదంటావా?"

సాయిబు కళ్లు పెద్దవయ్యాయి. మెడ నరం ఉబ్బింది. నోరు మాత్రం తెరవలేదు. ఆ పూట పోస్టుమాన్ ఖాకీ చొక్కాకు చెయ్యి తీసుకెళ్లి మెడ దగ్గర కుట్టేశాడు. పోస్టుమాన్ తొడుక్కుని చూసి, "ఇది ఏనుక్కి కుట్టేవా మామా?" అన్నాడు.

ఒక ఆదివారం సినిమా హాల్లో పొద్దుటాట ఇంగ్లీషు బొమ్మ. దాని ముందు వేసే వార్తల రీలులో ఆ పోటీ ఉందని తెలిసింది. బజారు బజారంతా కదిలింది. సాయిబూ వచ్చాడు. "బొమ్మ కోసం వత్తన్నాను, అంతే," అని ముందే చెప్పాడు.

రీలు రెండు నిమిషాలు కూడా లేదు. కుర్రాడు గుండ్రంగా తిరుగుతున్నాడు. ఎడమ చెయ్యి చాచి పెద్దాయన నుదురు తాకుతాడు, తీసేస్తాడు. మళ్లీ తాకుతాడు. పెద్దాయన గుద్దు వచ్చేసరికి నడుము వెనక్కి వంచుతాడు. గుద్దు గడ్డానికి వేలెడు దూరంలో ఆగిపోతుంది.

నేల టిక్కెట్లలోంచి సాయిబు ఒక్కసారి లేచాడు.

"టేపు! టేపు సూడండ్రా! మొదట ఆడు కొట్టట్లేదు, కొలతలు తీత్తన్నాడు! పెద్దోడి సెయ్యెంతో కొలిసేసేడు! మరి ఆ కొలతకి వేలెడు అవతలే నిలబడతన్నాడు! పెద్దోడు గాలిని గుద్ది గుద్ది అలిసిపోయేడు!"

"కూకోవయ్యా, నీ ఈపు సూడ్డానికొచ్చేమేటి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"మరి కిందెట్టిన సెయ్యో?" అన్నాడు షావుకారు, ఎంతో అమాయకంగా.

"అది నీ తువ్వాలే బావా! నువ్వన్నదీ నిజమే! పైన టేపు, కింద తువ్వాలు! అబ్బ, ఏం పనోడు!"

రీలు అయిపోయి తెర మీద బొమ్మలోని గుర్రాలు పరిగెత్తడం మొదలైంది. సాయిబు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చీకట్లో షావుకారు గొంతు మెల్లగా వినిపించింది.

"కత్తెర."

మర్నాడు పొద్దున్నే సాయిబు కత్తెరను కొత్త గుడ్డలో చుట్టి మండీకి తెచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు. షావుకారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతో నానేటి సేత్తాను? దిమ్మలకి సొక్కాలు కుట్టనా? నువ్వే అట్టుకెల్లు."

"ఒట్టంటే ఒట్టు. ఊరికే తీసుకోను."

"అలాగైతే అమ్మేత్తాను. బేరమాడు."

భుజం మీది తువ్వాలు తీసి కత్తెర మీద కప్పాడు. సాయిబు చెయ్యి లోపలికి వెళ్లింది. షావుకారు ముఖం రాయిలా ఉంది. సాయిబు కనుబొమలు ఒక్కో మెట్టూ పైకెక్కాయి. షావుకారు ఆయన చెవిలో ఏదో ఊది తువ్వాలు తీసేసరికి కత్తెర సాయిబు చేతిలో ఉంది.

"ఎంతకి తెగింది?" అన్నాను నేను. ధరలు అడగడం నా ఉద్యోగం.

"మూడు వేళ్లకి," అన్నాడు సాయిబు. ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "మూడు పూటలు పోటీ మొత్తం ఆడి సూపించాలంట. పెద్దోడి ఏసం నాది, కుర్రోడి ఏసం ఈయనది."

మొదటి పూట అక్కడే మొదలైంది. బళ్లవాళ్లు దిగి చుట్టూ మూగారు. షావుకారు పంచె ఎగదోపి, చేతులు నడుము దగ్గర వేలాడేసి, దిమ్మల మధ్య గెంతాడు. సాయిబు గుద్దు చాచాడు. షావుకారు నడుము వెనక్కి వంచాడు. వంచి, వంచి, వెనకున్న ఖాళీ గోనెల గుట్టలో వెల్లకిలా పడ్డాడు.

పదిలోగా లేవకపోతే ఓడినట్టే కనుక బజారంతా గొంతు కలిపి అంకెలు లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర సాయిబే వంగి చెయ్యి అందించాడు.

"ఏటి బావా, దెబ్బే తగల్లేదు కదా?"

షావుకారు గోనెల్లోంచి తల బయటపెట్టాడు. మీసాలకు పీచు అంటుకుని ఉంది.

"ఓడేను బావా," అన్నాడు సంతోషంగా. "ఇప్పుడు నాకూ ఆట తెలిసింది."