నా ఓటు ఎవరికో చెప్పను

ఆ రోజుల్లో రాజ్యాంగమంతా నా భుజాల మీదే నిలబడి ఉందని నాకు గట్టి నమ్మకం. పులివెందుల నుంచి జమ్మలమడుగు వచ్చి ఓ ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరాను. పగలంతా హక్కులు, విధులు అంటూ పిల్లల మీద గొంతు చించుకోవడం, సాయంత్రం మిద్దె మీది అద్దె గదిలో ఒక్కదాన్నే కూర్చోవడం. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఆదివారాలు మాట్లాడే దిక్కులేక రాజ్యాంగ పీఠిక పైకి చదువుకునేదాన్ని (వినేది గోడ మీది బల్లి). అన్నం సయించకపోతే ఒంట్లో బాగాలేదనుకున్నానే గానీ, మనుషుల కోసం మొహం వాచిపోయానని తెలుసుకోలేదు.

అంతలో ఎన్నికలొచ్చాయి. నా తొలి ఓటు ఆ ఊళ్లోనే. పూలమ్ముకునే ఒకావిడ, వీధంతా పూలక్క అనేవాళ్లు, ఆడవాళ్లను వెంటేసుకుని మిద్దెక్కి నా నుదుట బొట్టు పెట్టి, "మేడమ్, ఓటు మాకే ఎయ్యల్ల" అంది. ఇల్లు వదిలొచ్చాక నన్ను ముట్టుకుని పలకరించిన మనిషి ఆవిడే. "ఇంకా ఆలోచించుకోవాలక్కా" అన్నాను. మర్నాడొచ్చిన అవతలి పార్టీ ఆడవాళ్లకూ అదే చెప్పాను. ఇక చూడండి, తేలని ఓటు కోసం ఇరుపక్షాలూ ఎడతెరిపి లేకుండా రావడమే! కరపత్రంలో ఏదో అర్థం కాలేదని కూర్చోబెట్టి టీలు పోసేదాన్ని. "ఏంది మేడమ్, పెండ్లి సంబంధం మాదిరి ఇంత ఆలోచన చేస్తాండావు?" అని పూలక్క విసుక్కునేది. "ఓటు రహస్యంగా ఉంచుకోవడం నా హక్కక్కా" అనేదాన్ని. హక్కు మాట అటుంచండి, చెప్పేస్తే రేపెవరూ రారని నా భయం.

పోలింగు అయిపోయింది. వేలికి సిరాతో గదికొచ్చి అలవాటుగా టీకి నీళ్లు ఎక్కువే పెట్టాను. మెట్ల మీద అలికిడి లేదు. మర్నాడూ లేదు. ఓటెయ్యడం పౌరుల బాధ్యతని పిల్లలకు నూరిపోసినదాన్ని, వెయ్యకుండా ఉంటే ఇంకొన్నాళ్లు వచ్చేవాళ్లేమో అని ఏడ్చాను.

కొన్నాళ్లకు పూలక్క ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. "అయిపాయ గదా మేడమ్, ఇంగ దాపెట్టేదేముంది? ఎవురికేసినావో చెప్పు. నాకు మనసు నిలవడంల్యా."

నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. "చెప్పనక్కా."

"శానా గట్టిదానివే! రేపు గూడా వస్తా, ఎట్ల చెప్పవో సూస్తా" అంటూ టీ అడిగి మరీ తాగింది. అన్నట్టే మర్నాడూ వచ్చింది.

ఇప్పుడు ప్రొద్దుటూరులో నా ఇంటినిండా మనుషులే. ప్రచారానికొచ్చిన వాళ్లను ఏ పార్టీ అయినా సరే, "మీకే లేమ్మా" అని గేటు దగ్గరే పంపేస్తుంటాను. ఆ మిద్దె మీది పిల్ల చూస్తే నన్ను క్షమించదు. పూలక్క మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉంటుంది. నిజానికి ఎవరికి వేశానో ఇప్పుడు నాకే సరిగా గుర్తులేదు. ఆ సంగతి కూడా ఆవిడకు చెప్పలేదు.