జగ్గన్న జోడు పడవ

ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, గంజాం ఊరవతల, తెప్ప అంటే జగ్గన్నే కట్టాలి. వాళ్ల అయ్య తవిటయ్య నేర్పిన సూత్రం ఒక్కటే: దుంగకీ దుంగకీ మధ్య వేలు దూరకూడదు. జగ్గన్న ఆ మాట మీదే అరవై ఏళ్లు బతికాడు. మహా మొండివాడు లెండి!

తెప్పలకు కాలం చెల్లింది. ఒడ్డంతా మోటారు పడవలొచ్చాయి. గంగమ్మ పండుగకు వాటికి పందెం కూడా పెట్టారు. అలలు దాటి వెళ్లి, అవతల తేలే పీపాను చుట్టి తిరిగి రావాలి. కొడుకు గంగన్న పట్టుబట్టడంతో, ఆ ఏడు జగ్గన్న రెండు సన్నటి పడవలు చేసి, జోడెద్దుల్లా పక్కపక్కన పెట్టి, పైన బల్ల పరిచి బిగించి, వెనక మోటారు తగిలించాడు. రెండింటి మధ్య బెత్తెడే సందు. బల్లేమో నీటికి జానెడెత్తు. తెప్ప కట్టిన చెయ్యి మరి, ఊరుకుంటుందా?

ఏటి నీటి మీద జోడు పడవ రివ్వున దూసుకెళ్లింది. "బాః, జగ్గా భాయినా!" అని ఒడియా నేస్తాలు చప్పట్లు కొట్టారు. మర్నాడు, పందేనికి ముందే ఓసారి చూద్దామని సముద్రంలో దించారు. మొదటి అలతోనే సంబరం తీరిపోయింది. ఎదురొచ్చిన నీరు రెండు పడవల మధ్య ఇరుక్కుని, పోయే దారి లేక, పైకి లేచి బల్లను అడుగు నుంచి గుద్దింది. ఢామ్మన్న చప్పుడు ఒడ్డుదాకా వినబడింది. బల్ల విరిగింది. గంగన్న ఎగిరి నీళ్లలో పడ్డాడు. ఈదుకుంటూ వచ్చాడు గానీ, నుదురు చీరుకుపోయి మొహమంతా నెత్తురే.

"నీ పందెం పాడుగాను! ఉన్న ఒక్క కొడుకునీ గంగమ్మకి బలిత్తావేటి?" అని భార్య ఎర్రమ్మ గుండెలు బాదుకుంది.

ఆ తర్వాత జగ్గన్న రోజూ పోయి మొగ దగ్గర కూర్చునేవాడు. ఇసుక మేటలు దగ్గరపడ్డ చోట అల లోపలికి రాలేక ఎగిరెగిరి పడుతోంది. మేటలు ఎడంగా ఉన్న చోట అదే అల చడీచప్పుడు లేకుండా వచ్చి పోతోంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొగే! ఒక పొద్దున అతను దిగ్గున లేచాడు.

"ఓలమ్మా! నీటికి దారి లేకే కొట్టిందే ఎర్రీ! మా అయ్య సూత్రం తెప్పకి గానీ దీనికి కాదు," అంటూ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు.

రెండు పడవలనూ విప్పి బారెడు దూరం జరిపాడు. కొత్త బల్లను నడుమెత్తుకు లేపాడు. ముక్కులు ఇంకా సన్నగా చెక్కాడు.

"ఈ సందులో గేదె దూరిపోద్ది," అని ఎర్రమ్మ ఎత్తిపొడిచింది.

"దూరనీ. అల కూడా అలాగే దూరి ఎల్లిపోవాల."

పందెం నాడు దక్షిణపు గాలి రేగింది. అలలు తాటిచెట్టంత లేస్తున్నాయి. మోటారు పూర్తి జోరులో ఉండగా ఈసారి బల్ల విరిగిందా, కొడుకు దక్కడు. ఆ సంగతి జగ్గన్నకు తెలుసు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి గంగమ్మకు మొక్కుకుంటున్నాడు. పెద్ద అలను చూసి మిగతా వాళ్లంతా మోటార్లు తగ్గించారు. గంగన్న తగ్గించలేదు.

"తగ్గించరా ఎదవా!" అని జగ్గన్న గొంతు చించుకున్నాడు. ఆ హోరులో ఎవడికి వినబడుతుంది! ఢామ్మంటుందని చెవులు మూసుకున్నాడు.

ఏ చప్పుడూ లేదు.

రెండు ముక్కులూ అలను చీల్చుకుని పైకి లేచాయి. అంత పెద్ద అల, బల్ల కిందుగా, రెండు పడవల మధ్య నుంచి సాగిపోయి వెనక తెల్లగా తేలింది. ఆ సందులోంచి జగ్గన్నకు అవతలి ఆకాశం కనబడింది. ఎంత అద్భుతం! చెవుల మీంచి చేతులు తీసి అలాగే చూశాడు.

గంగన్న అందరికన్నా ముందు ఒడ్డుకొచ్చాడు. జనం అతన్ని భుజాలకెత్తుకున్నారు. జగ్గన్న మాత్రం నీళ్లలోంచి కదల్లేదు.

"గెలిసాడయ్యా మన బుల్లోడు! ఏటలా నిలబడిపోనావు?" అంటూ ఎర్రమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

జగ్గన్న దోసెడు ఉప్పునీళ్లు తీసి కళ్లకద్దుకున్నాడు.

"గెలుపుదేటుందే. సూసావా ఎర్రీ? మనం దారిచ్చాం. ఆ తల్లి మన బిడ్డని ముట్టకండా ఒగ్గేసింది."