ఇప్ప పువ్వు నెలలో ట్రైనింగు

మా ఊళ్ళో మార్చి అంటే ఇప్ప పువ్వు రాలే నెల, అది ఏరి అమ్మితేనే మాకు ఏడాది గడిచేది. ప్రాజెక్టు వాళ్ళకు మార్చి అంటే లెక్కలు మూసే నెల. ఈ రెండింటి మధ్య మా కోడలు నలిగింది.

కోడలు గోదావరి అవతలి పిల్ల. ఎనిమిది దాకా చదివింది. ఈ అక్షరాలు నాకు ఆమె పెట్టిన భిక్షే. తల నెరిశాక నా చేత పలక పట్టించింది. అత్త కోడలి దగ్గర చదువుకుంటోందని ఊరంతా నవ్వింది. నవ్వనీ అనుకున్నాను.

భోపాల్‌పట్నం దాటి అడవిలోకి పోతే మా పల్లె. ఎండాకాలం వస్తే వాగు ఎండిపోతుంది. ఇసుకలో చెలమ తవ్వి, ఊరే నీళ్ళను చిప్పతో తోడి బిందెలోకి పోసుకోవాలి. అందుకే సోలార్ పంపు వస్తుందంటే అందరికంటే ముందు ఆశపడింది ఆడవాళ్ళు.

వానాకాలం మొదట్లో ప్రాజెక్టు సారు వచ్చాడు. బడి వరండాలో పెద్ద కాగితం పరిచాడు. దాని నిండా డబ్బాలు గీసి ఉన్నాయి. ఒక దాంట్లో బోరు, ఒక దాంట్లో సోలార్ ప్లేట్లు, ఒక దాంట్లో ట్యాంకు.

"చివరి డబ్బాలో మీరున్నరు," అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"మమ్ముల గూడ డబ్బాల పెట్టినవా సారూ? మూత పెట్టకు, ఊపిరాడదు," అన్నాను.

అందరితో పాటు తనూ నవ్వాడు. చెడ్డవాడు కాదు. మా ఇంట్లో జావ తాగాడు. అన్నిటికంటే ఆ చివరి డబ్బాయే ముఖ్యమన్నాడు. ఊరి మనిషి ఒకరు మిషను పని నేర్చుకోవాలట. ప్రాజెక్టు పోయినా పంపు ఆగకూడదట. అందరూ మా కోడలి వైపు చూశారు. ఆమె తల దించుకుంది కానీ ముఖం వెలిగింది.

తర్వాత వానలు పడ్డాయి. ప్లేట్లు తెచ్చే లారీ బురదలో దిగబడి వెనక్కి పోయింది. బోరు బండి దీపావళి దాటాక వచ్చింది. ట్యాంకు కట్టేవాళ్ళు సిమెంటు లేదని కూర్చున్నారు. ముందు డబ్బాలన్నీ ఆలస్యమై చివరి డబ్బా మీద కూలబడ్డాయి. ఊరు దాటి పోయి నేర్చుకోవాల్సిన ట్రైనింగు మార్చిలోకి జారింది.

సారు ఫోన్ చేస్తే నేనే లాక్కున్నాను.

"పువ్వు రాలుతాంది సారూ. కోడలు ఇప్పుడెట్ల వస్తది? పువ్వు అయిపోయినంక పెట్టు."

"మార్చి దాటితే బజెట్ వాపస్ పోతదమ్మా. నా చేతుల లేదు."

"మరి పువ్వు నా చేతుల ఉన్నదా? చెట్టుకు చెప్పి ఆపాల్నా?"

కోడలు పక్కనే ఉంది. "నేను పోత అత్తా," అంది. "ఇసుక తోడుకుంట ఇంకెన్నేండ్లు బతుకుడు?"

పంపించాను. తెల్లవారకముందే గంప పట్టుకొని అడవికి నేనొక్కదాన్నే పోయాను. మోకాళ్ళు వంగవు. ఒక చెట్టు కింద నేను ఏరుతుంటే ఇంకో చెట్టు కింద రాలిన పువ్వును పశువులు మేసేవి. ఆ ఏడు మా పెరట్లో ఎండబోసిన గుప్పెడు పువ్వు చూసి ఇరుగమ్మ జాలిపడింది. ఆమె జాలి కంటే తిట్టే నయం.

కోడలు తిరిగొచ్చింది. నెత్తిన టోపీ, చేతిలో సర్టిఫికెట్టు.

"ఏం నేర్పిన్రే?"

"గోడ మీద బొమ్మలు చూపెట్టిన్రు. మిషను విప్పి చూపెట్టే మిస్త్రీ రాలే. మార్చి కదా, ఊరూరా పంపులు బిగించుకుంట తిరుగుతున్నడంట."

"నువ్వు అడగకపోయినవా?"

"అడిగిన. ప్లేట్లు తుడిస్తే చాలన్నరు. ఏమన్న అయితే ఫోన్ చెయ్యమన్నరు."

నెలాఖరులో రిబ్బను కత్తిరించారు. అబద్ధం ఎందుకు, నీళ్ళొచ్చిన రోజు కుళాయి కింద దోసిలి పట్టి కడుపు నిండా తాగాను.

ఎండలు ముదిరాక పంపు ఆగింది. పంపును నడిపే పెట్టె ఒకటి స్తంభానికి బిగించి ఉంటుంది, దాని మీద ఎర్ర దీపం వెలిగింది. ఆడవాళ్ళు బిందెలతో మా వాకిట్లోకి వచ్చారు.

"ఏందమ్మా ఇంజనీరమ్మా, టోపీ పెట్టుకొని రా, మా నీళ్ళు మాకియ్యి."

సారుకు ఫోన్ చేశాం. ఆ ప్రాజెక్టు క్లోజ్ అయిందట, అతను వేరే జిల్లాలో ఉన్నాడట. కంపెనీకి చెబుతానన్నాడు. ఎవరూ రాలేదు. కోడలు మాత్రం నేర్పిన ఒక్క పనీ మానలేదు. పొద్దున్నే నిచ్చెనేసుకొని ప్లేట్లు తుడిచేది. "అద్దం చేసుకొని బొట్టు పెట్టుకుంటవా?" అని కింద నుంచి అనేవాళ్ళు. బయటివాళ్ళు చేసిన పాపానికి ఇంటి పిల్లను తిట్టడం సులువు. నేనూ ఎదురు తిట్టాను. అయినా నీళ్ళు రాలేదు.

ఒక పొద్దు ఆమె రాయి తెచ్చి పెట్టె తాళం పగలగొట్టింది. అందరం మూగాం. లోపల రంగురంగుల తీగలు. చాలాసేపు చూసింది. చెయ్యి ముందుకు పెట్టి వెనక్కి తీసుకుంది.

"ఏమున్నదే?" అన్నాను.

"తెల్వదత్తా. మాకు ఇది చూపెట్టలే."

అందరికీ వినబడేలా అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ప్రాజెక్టు వాళ్ళు ఎండతో ఊళ్ళు మారుస్తామంటారు. మార్చండి, ఎండతో నాకు తగువు లేదు. ఇనుము నిలబెట్టడానికి నెలలు దొరుకుతాయి, మనిషికి నేర్పడానికి మాత్రం నెలాఖరే మిగులుతుంది. అదేం పద్ధతో నాకు అర్థం కాదు.

వానలకు ముందు కొత్త సారు ఒకాయన తనిఖీకి వచ్చాడు. పగిలిన తాళం చూసి ముఖం చిట్లించాడు. సీలు పోతే కంపెనీ బాగుచేయదన్నాడు. ఎవరు పగలగొట్టారని అడిగాడు.

"కోతులు సారూ," అన్నాను.

"ఈ ఊళ్ళ ట్రైనింగు అయిన మనిషి ఎవరు?"

కోడలే ముందుకు వచ్చింది.

"ఎవ్వరు లేరు సార్. నేర్పితే ఉంటుండె."

అతను ఫోనులో పెట్టెకు ఫోటో తీసుకొని బండెక్కాడు. మేమిద్దరం బిందెలు తీసుకొని వాగులోకి దిగాం. ఆమె చెలమ తవ్వింది, నేను తోడాను.